బుల్లెట్‌కు పాతకాలం ఫోర్కు

"ఆ మామూలు ఫోర్కు తీసి అవతల పారేయక్కా. నేను తెచ్చింది బిగించు," అన్నాడు సుశీల్ కుమార్.

ముత్తుకూరు రోడ్డు మీది షెడ్డులో అతని పాత బుల్లెట్‌ను కొత్తగా ముస్తాబు చేస్తోంది నవోమి. అతను తెచ్చింది ముందు చక్రాన్ని పట్టి ఉంచే, పెద్ద స్ప్రింగు కనబడే పాతకాలం ఫోర్కు. నల్లరంగు నిగనిగలాడుతోంది.

నవోమి దాని చివరనున్న రబ్బరు మూత పీకింది. లోపల మరలు కనబడ్డాయి.

"రొయ్యల గుంటకు నీళ్లు తోడే పైపు ఇది. ఒక పైపుకి ఇంకోటి తగిలించే మరలు కూడా తియ్యలేదు ఆ మహానుభావుడు. ఎవడు చేసినాడు నాయనా?"

"ఎవడైతే ఏం? చూసేదానికి బాగుండాది కదా."

"పోర్టు రోడ్డులో బొగ్గు లారీల మధ్య ఒక్క గుంతలో దిగితే విరిగిపోద్ది. చక్రం ఒక పక్క, నువ్వొక పక్క."

సుశీల్ పగలబడి నవ్వాడు. "నేనెందుకు ఎక్కుతా? నాకేమన్నా పిచ్చా? విడవలూరులో ఒక పెళ్లికొడుకు ఇట్లాంటి బండి ఫొటో చూసి మోజుపడినాడు. ఆదివారం వచ్చి కొనుక్కపోతాడు."

ఇంతసేపూ అతన్ని ఎవరో మోసం చేశారని జాలిపడింది నవోమి. ఆ జాలి క్షణంలో పోయింది.

ఫోర్కును బల్ల మీది వైసు దవడల మధ్య బిగించింది.

"అట్లా దారికి రా అక్కా," అన్నాడు సుశీల్.

ఆమె ఇనుము కోసే గ్రైండరు ఆన్ చేసింది. నిప్పురవ్వలు లేచాయి. ఫోర్కు రెండు పైపుల్లో ఒకటి తెగి ముక్క కింద పడింది.

"అక్కా! అది నాది!"

"ఫోర్కు నీదే," అంది నవోమి, రెండో పైపు మీదికి గ్రైండరు తిప్పుతూ. "పోయే ప్రాణమే నీది కాదు."