బబ్లూ మీద ప్రేమ

“నోట్లో చెయ్యి పెట్టొద్దు!” అని అరిచింది డాక్టర్ శ్రీరమ్య.

రెబ్కా ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. పశువుల ఆసుపత్రి బల్ల మీద ఆమె పెంపుడు కుక్క బబ్లూ నోరు తెరుచుకుని వణుకుతోంది. దవడల వెంట చొంగ కారుతోంది. నీళ్లు పెడితే మూతి తిప్పుకుంటోంది.

“ఎప్పట్నించి ఇలా ఉంది?”

“పొద్దున్నించండి. రాత్రి శుభ్రంగా తింది.”

“ఏం తింది?”

రెబ్కా గుమ్మం వైపు చూసింది. అక్కడ పక్కింటి యలమందయ్య తలగుడ్డ నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవకుండానే ఆటో ఎక్కి వెంట వచ్చాడు.

“ఆయన్నడగండి. మాంసం పెట్టింది ఆయనే.”

ఊళ్లో బబ్లూకి పగవాడంటూ ఉంటే అది యలమందయ్యే. కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద పొర్లిందని దానికి పెట్టని శాపం లేదు. కనబడితే చాలు, మట్టిగడ్డ విసిరేవాడు. అలాంటి మనిషి ఈమధ్య ఉన్నట్టుండి దానికి పాలు తెస్తున్నాడు, గుడ్లు తెస్తున్నాడు. తెల్లారేసరికి గోడ మీంచి తొంగిచూసి “లేచిందా? తింటోందా?” అని వాకబు చేస్తున్నాడు. “బాబాయికి మారుమనసు వచ్చిందే” అని రెబ్కా భర్త జయపాల్ నవ్వాడు. రెబ్కాకి మాత్రం నవ్వు రాలేదు. యలమందయ్య వసారా నిండా పురుగుమందు డబ్బాలే ఉంటాయి మరి.

“మాంసంలో ఏం కలిపావు బాబాయ్? నిజం చెప్పు!”

“కోటయ్యస్వామి మీద ఒట్టమ్మా, ఏమీ కలపలా. దాన్ని చంపుకుని నేను బతుకుతానా?”

“దొంగేడుపులు నా దగ్గర వద్దు. నా కుక్కకేమన్నా అయిందో, నిన్ను స్టేషన్‌కి ఈడుస్తా!”

“గొడవ ఆపండి” అంది డాక్టరు. “రెబ్కాగారూ, రేబీస్ టీకా వేయించారా?”

“చిన్నప్పుడు వేయించామండి. ఈ ఏడాది కోతల హడావుడిలో పడి...”

“ఏటేటా వేయించాలని చెప్పానా లేదా?”

రెబ్కా తల దించుకుంది. యలమందయ్య గోడ పట్టుకున్నాడు.

“అంటే... పిచ్చంటారా అమ్మా?”

“కావచ్చు, కాకపోవచ్చు. నోట్లో ఏదన్నా అడ్డం పడినా ఇలాగే ఉంటుంది. మత్తిచ్చి చూస్తాను. దూరంగా ఉండండి.”

ఆమె మందపాటి గ్లౌజులు తొడుక్కుని సూది తీసింది. సూది చూడగానే యలమందయ్య మొహం తిప్పుకున్నాడు. రెబ్కా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. బబ్లూ లేని ఇల్లు ఆమె ఊహకే అందడం లేదు. టీకాకి ఒక్క పూట పని మానుకోలేకపోయానే అని లోపల కుమిలిపోతోంది. ముసలాయన పెదవులు కూడా కదులుతూనే ఉన్నాయి.

కాసేపటికి పటకారు చివర ఎముక ముక్క ఒకటి బయటికొచ్చింది.

“ఇదీ దాని పిచ్చి!” అంది డాక్టరు, ఊపిరి పీల్చుకుని. “పై పళ్ల మధ్య అడ్డంగా ఇరుక్కుంది. ఉడికిన ఎముకలు కుక్కలకి పెట్టకూడదు. చీలిపోయి ఇలా గుచ్చుకుంటాయి. కోలుకున్నాక వచ్చి టీకా వేయించండి.”

మత్తు వదిలాక బబ్లూ తూలుతూ లేచింది. గిన్నెలో నీళ్లు ఖాళీ చేసి తోక ఊపింది.

అది చూసి యలమందయ్య నేల మీద కూలబడి పసిపిల్లాడిలా భోరుమన్నాడు. రెబ్కా మనసు చివుక్కుమంది. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

“తప్పు మాటలన్నాను, ఏమనుకోకు బాబాయ్. అయినా, ఒకప్పుడు గడ్డలు విసిరినవాడివి, ఇంత ప్రేమ ఎట్టా పుట్టుకొచ్చింది నీకు?”

యలమందయ్య కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు వైపు బెరుగ్గా చూసి, పంచె మోకాలి దాకా పైకెత్తాడు.

“కరిచిన కుక్క పది రోజులు బతికుంటే మనిషికి సూదులక్కర్లేదంటారుగా. మొన్నామధ్య ఇది నన్ను కరిచిందమ్మా.”