గోడ ఇసుక

అన్నదమ్ములు విడిపోయి, పెరటి మధ్య గోడ కట్టడానికి మేస్త్రినని నన్ను పిలిచారు. ఇసుక తోలించాను. నా కాలు బెణికి పని కొన్నాళ్లు ఆగింది. తిరిగొచ్చేసరికి కుప్ప నిండా నీలిపూలు!

అన్న కుండీల్లో ఎరువేసి, నీళ్లు పోసి ఎంత బతిమాలినా పూయని అడవిమొక్క అది. దానికి వట్టి ఇసుకే కావాలట.

"పూలు రాలేదాకా ఇసుక ముట్టుకోకు మేస్త్రీ," అన్నాడు అన్న.

"ఆ పెద్దమనిషికి పూల పిచ్చి. ఏడవనీ, ఇంకో లోడు తోలించు," అన్నాడు అన్నతో మాటలు మానేసిన తమ్ముడు.

తోలించాను. వేరేచోట పని ముగించుకుని వచ్చేసరికి అదీ పూసింది. ఆ తర్వాతదీ పూసింది. పెరడు ఎడారైంది కానీ గోడ లేవలేదు.

ఒళ్లు మండి, ఇవాళ తెల్లవారుతూనే తాపీ పట్టుకుని వచ్చాను. కొత్త కుప్పకు అటు అన్న, ఇటు తమ్ముడు వంగి విత్తనాలు చల్లుతున్నారు. కుప్ప అడ్డమై ఒకరికొకరు కనబడలేదు.

నన్ను చూసి ఇద్దరూ, చెప్పొద్దన్నట్టు, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

సిమెంటు కలపడానికి తెచ్చిన నీళ్లు వీధిలో పారబోశాను. నీళ్లెక్కువైతే ఈ మొక్క బతకదు.