గోడకి ఆ వైపు

"వెనకేం లేదు పెద్దమ్మా. బొమ్మ ఇటుంది, ఇటొచ్చి చూడు."

ఈ మాట చెప్పీ చెప్పీ గార్డుకి నోరు నొప్పెడుతోంది.

ఆ ముసలావిడ మాత్రం బొమ్మకేసి ఒక్క చూపు చూసి, మళ్ళీ గోడ వెనక్కి పోకుండా కట్టిన తాడు దగ్గరికే వచ్చి నిలబడుతోంది.

"ఆ వైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను నాయనా."

"చెప్తే అర్థం కాదా? తాడు దాటకూడదు!"

దేశదేశాల వీధి చిత్రకారులను ఒక్క కప్పు కిందికి తెచ్చిన ప్రదర్శన అది. పోలీసు ఈల వినపడగానే రంగు డబ్బాలు వదిలేసి పరిగెత్తినవాళ్ళంతా, ఇప్పుడు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని ఏసీ హాల్లో బుద్ధిగా నిలబడ్డారు. బయట గోడ మీద వేస్తే కేసు, లోపల గోడ మీద వేస్తే చప్పట్లు. ఏం చేస్తాం, లోకం తీరు!

అందరి కళ్ళూ హాలు మధ్యలో నిలబెట్టిన గోడ మీదే ఉన్నాయి.

పాత వీధిలో ఒక ఇల్లు కూల్చేస్తుంటే, ఆ ఒక్క గోడనీ కోసి, క్రేనుతో ఎత్తి తెచ్చారు. దాని మీద ఒక ఆడమనిషి పొయ్యి ఊదుతుంటుంది. పొగ పైకి లేచి పిట్టల గుంపయిపోతుంది. వేసినవాడి అసలు పేరు ఎవరికీ తెలియదు. మూలన చిన్న పిచ్చుక గుర్తు పెడతాడు కాబట్టి అందరూ పిచ్చుక అంటారు.

ఇంతవరకూ మొహం చూపించని ఆ పిచ్చుక, ఈ గోడని చూడటానికి వస్తానని కబురు పెట్టాడు.

వచ్చి, నలుగురి ముందూ "ఇది నాదే" అనాలి. గోడ కోసి తెచ్చారన్న కోపంతో "నాది కాదు పొండి" అనేసే వీధి చిత్రకారులు చాలామందే ఉన్నారు. ఈయనా అలాగే అన్నాడంటే ప్రదర్శన పరువూ, దాన్ని నెత్తినేసుకున్న మేనేజరమ్మ ఉద్యోగమూ గంగలో కలిసినట్టే.

అందుకే ఆవిడకి పొద్దుట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు.

"మేస్త్రీ, గోడ గట్టిగానే ఉందిగా? పడిపోదుగా?"

"ఏనుగొచ్చి గుద్దినా కదలదమ్మా."

గోడని తెచ్చినప్పుడు వెనకవైపంతా నెర్రెలిచ్చి ఉంది. మందంగా పూత వేస్తే తప్ప నిలబడదన్నాడు మేస్త్రి.

"మసి పట్టుందమ్మా. ఏవో బొగ్గు గీతలు కూడా ఉన్నాయి. ఒకసారి చూసి చెప్తారా?" అని అప్పుడే అడిగాడు కూడా.

"వంటింటి మసిలో చూసేదేముందయ్యా? వెనకవైపు ఎవరు చూస్తారు? వేసెయ్. ముందువైపు ఒక్క చుక్క పడిందో, నీ పని చెప్తా!"

ముందువైపు ఒక్క చుక్క కూడా పడలేదు. మేస్త్రి పని అంత శుభ్రంగా ఉంటుంది.

గార్డు అటు తిరిగిన క్షణంలో ముసలావిడ తాడు కింద నుంచి దూరి వెనక్కి వెళ్ళిపోయింది.

మేనేజరమ్మ పరిగెత్తింది.

నున్నగా, తెల్లగా ఉన్న పూత మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది ఆవిడ.

"ముట్టుకోకూడదమ్మా!"

"ఇదివరకు రోజూ ముట్టుకున్నదాన్నేగా. మా వంటిల్లమ్మా ఇది."

"కావచ్చు. ఇప్పుడు గ్యాలరీది. మీ వంటింటికి ఇంత యోగం పట్టింది, సంతోషించండి. ముందు బయటికి నడవండి, పెద్దాయన వచ్చే వేళయింది."

ముసలావిడ చెయ్యి తీసింది. అరచేతికంటిన తెల్లని పొడి చూసుకుంది.

"బాగా చేశారు. గోడ గట్టిపడింది," అంది.

గార్డు ఆవిడని గేటు దాకా దిగబెట్టి వచ్చాడు.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో, ఇటు ఆటో దిగాడు పిచ్చుక. నెరిసిన గడ్డం, నలిగిన చొక్కా, భుజాన పిచ్చుక గుర్తున్న గుడ్డ సంచి. జనమంతా ఒక్కసారిగా దారిచ్చారు.

ఆయన ముందువైపు ఆగనైనా ఆగలేదు. తాడు దాటి తిన్నగా వెనక్కి వెళ్ళాడు. గార్డుకి ఆపే ధైర్యం లేకపోయింది.

వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఇదేంటండీ? ఇక్కడ పూత వేసిందెవరు?"

"నెర్రెలిచ్చిందండీ, గట్టిపడాలని..." అంటూ మేనేజరమ్మ పరిగెత్తుకొచ్చింది.

"గీకితే వస్తుందా?"

మేస్త్రి తల దించుకున్నాడు. "రాదండీ. ఉలితో గోడంతా గాట్లు పెట్టి వేశాను. గాట్లు పెట్టకపోతే పూత పట్టదు కదా."

పిచ్చుక సంచి కింద పెట్టి, ఆ గోడకే జారగిలబడి కూర్చున్నాడు.

"సార్, ముందువైపుది మీదేనని ఒక్క మాట అంటే..." మేనేజరమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

"ఈ వంటింటి పెద్దావిడ రాలేదా? ఆవిడ వస్తుందనే నేనొచ్చాను."

మేనేజరమ్మ గార్డు వైపు చూసింది. గార్డు వెనకాముందూ చూసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. కాసేపటికి ఒగర్చుకుంటూ ఒక్కడే తిరిగొచ్చాడు.

"కనపడలేదమ్మా. బస్సెక్కేసినట్టుంది."

"ఆవిడ మీకు చుట్టమా సార్?" అడిగింది మేనేజరమ్మ.

"ఒకరోజు పెద్ద వానొస్తే ఆవిడ వంటింట్లో తలదాచుకున్నాను. అంతే," అన్నాడు పిచ్చుక.

తల వెనక్కి ఆ తెల్లటి పూతకి ఆనించి, మెల్లగా చెప్పాడు.

"పొయ్యిలో బొగ్గుముక్క తీసి ఆవిడ ఇక్కడ గీసుకున్న బొమ్మ చూసే, నేను బయటికెళ్ళి ఆ బొమ్మనే గోడకి ఆ వైపు రంగుల్లో వేశాను."