ముడిమ్యాల జెర్సీ

"ఎవరు కుట్టిండ్రో చెప్పు చిన్నమ్మా. చెప్తవా, పోలీసోళ్లను పిలవాల్నా?"

మొయినాబాద్ క్రికెట్ గ్రౌండు గేటు ముందు గణేష్ అరుస్తున్నాడు. ఎదురుగా నేల మీద ప్రేమమ్మ, ఆమె ముందు దుప్పటి మీద పరిచిన జెర్సీలు. అన్నిటి ఛాతీ మీదా ఎర్ర దారంతో 'ముడిమ్యాల స్పోర్ట్స్' అని ఉంది. అది గణేష్ కంపెనీ పేరు. ఆ జెర్సీలు మాత్రం గణేష్‌వి కావు.

ప్రేమమ్మ తలెత్తలేదు. ఒకప్పుడు గణేష్ ఇంట్లోనే, అతని తల్లి అంతమ్మ పక్కన మిషను మీద కూర్చున్న మనిషి. గణేష్ తిరుప్పూరు నుంచి తయారైన సరుకు తెప్పించడం మొదలుపెట్టాక, మిగతా ఆడవాళ్లతో పాటు ఆమెకూ పని పోయింది.

"గా కోపంతోనే కదా గీ దొంగ దందా? మా అవ్వ దగ్గర పని నేర్చుకొని మా కడుపే కొడ్తున్నరు!"

"నీ కడుపు కొట్టేటోళ్లమా బిడ్డా మేము?" అని మాత్రం అంది ప్రేమమ్మ.

గణేష్ ఫికర్ గణేష్‌ది. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఆదివారం వస్తే వాళ్ల టీములన్నీ మొయినాబాద్ గ్రౌండ్లలోనే. ఈ ఏడు లీగు మొత్తానికీ జెర్సీల ఆర్డరు తనకే వస్తుందని, ఊళ్లో ఇల్లు బ్యాంకులో పెట్టి మరీ సరుకు దించాడు. ఈ దొంగ జెర్సీల వల్ల ఆర్డరు చేజారితే ఇల్లు కూడా దాని వెంటే పోతుంది. అందుకే పొద్దున చాయ తాగుతూ తల్లి ముందు కూడా ఒట్టేశాడు. "కుట్టినోళ్లు దొరకాలె అవ్వా, జైల్ల ఏపించకుంటె నా పేరు గణేష్ కాదు."

"ఏమైంది గణేష్ గారూ?"

వెనక్కి తిరిగాడు. ఆర్డరు ఇవ్వాల్సిన నిర్మల, మెడలో కంపెనీ కార్డుతో నిలబడి ఉంది.

"డూప్లికేట్ మాల్ మేడమ్. పట్టుకున్న."

నిర్మల అతని సంచిలోంచి ఒక జెర్సీ, దుప్పటి మీద నుంచి ఒక జెర్సీ తీసి పక్కపక్కన పట్టుకుంది. "నాకైతే రెండూ ఒక్కలాగే ఉన్నాయే! మీదేదో ఎలా తెలుస్తుంది?"

గేటు దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ సత్తయ్య కూడా వచ్చి చేరాడు. "మేడమ్ అడిగింది కరెక్టే. ఉత్తగ కేసు రాస్తే రేపు కోర్టుల నన్ను అడుగుతరు. అసలు మాల్‌కు గుర్తేందో చూపెట్టు."

గణేష్‌కు ఊపు వచ్చింది. తన వెబ్‌సైటులో 'మా చరిత్ర' అనే పేజీ ఉంది. అందులోని కథ వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి నోటికి వచ్చేసింది.

"శానా ఏండ్ల కిందట మా ఊరు ముడిమ్యాల వాలీబాల్ టీం చేవెళ్లకు టోర్నమెంటుకు పోయింది సార్. తలా ఒక రంగు అంగి. చూసినోళ్లంత నవ్విండ్రు. మల్ల ఏడాది మా అవ్వనే అందరికి ఒక్క తీరు అంగీలు కుట్టింది. కొత్త బట్ట ఉత్తగ ఇయ్యొద్దని లోపలి అంచుకు పసుపు బొట్టు పెట్టి ఇచ్చింది. గా ఏడు కప్పు మాదే! అప్పటిసంది పసుపు బొట్టు లేనిది మా జెర్సీ గడప దాటదు. గదే మా గుర్తు."

నిర్మల మొహం వెలిగింది. "ఎంత బావుందో! చూపించండి."

సత్తయ్య గణేష్ సంచిలోని జెర్సీ అంచు తిరగేశాడు. ఏమీ లేదు. ఇంకొకటి తిరగేశాడు. అదీ అంతే.

గణేష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. తెల్ల జెర్సీ మీద మరకలని ఒక కంపెనీ సరుకు వాపసు పంపిన రోజే ఆ బొట్టు మాన్పించాడు. "పసుపేంది అవ్వా, పాత ముచ్చట!" అని తల్లిని కసిరాడు కూడా. బొట్టు మానేశాడు గానీ బొట్టు కథ చెప్పుకోవడం మానలేదు. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్లే పడతారని ఊరికే అన్నారా!

సత్తయ్య వంగి దుప్పటి మీది జెర్సీ తీశాడు. లోపలి అంచున మెంతిగింజంత పసుపు బొట్టు. ఇంకొకటి తీశాడు. దానికీ ఉంది.

"ఇదేందయ్యా, అంత ఉల్టా ఉన్నది!"

నిర్మల చేతిలోని జెర్సీని గణేష్ సంచిలో మెల్లగా పెట్టేసింది. "ఆర్డరు సంగతి తర్వాత చూద్దాం గణేష్ గారూ" అని గ్రౌండులోకి నడిచింది. తర్వాత అంటే ఎప్పుడో గణేష్‌కు అర్థమైపోయింది.

"మా గుర్తు సుత దొంగిలించినవా? నువ్వే కదా గీ పసుపు..." అంటూ ప్రేమమ్మ మీదికి వెళ్లబోయి ఆగిపోయాడు.

ఆమె మెడలో సిలువ. అన్నేళ్లు వాళ్లింట్లో కుట్టినా ప్రేమమ్మ ఒక్క బట్టకూ పసుపు పెట్టలేదు. తన ప్రార్థన తాను చేసుకుని, కుట్టిన బట్ట పక్కకు అందించేది.

"నన్ను లోపలెయ్యమను బిడ్డా," ప్రేమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకేం అడగకు. పని లేక ఊర్కె కూసున్న మమ్ముల జూసి పానం ఆగక చేసింది."

గణేష్ వంగి ఒక జెర్సీ అంచు తిరగేసి, ఆ బొట్టు మీద వేలు పెట్టి చూశాడు.

సత్తయ్య జేబులోంచి పెన్ను తీశాడు. "సరే, అసలేదో నకిలీ ఏదో స్టేషన్ల తేలుస్తం. ముందుగాల ఈ బొట్టు పెట్టినామె దొరకాలె. నీకు ఎర్కేనా?"

"ఎర్కే సార్."

"ఏడున్నది?"

"మా ఇంట్లనే సార్," అన్నాడు గణేష్. "పొద్దుగాల నాకు చాయ పోసిచ్చి పంపింది."