ఆఖరి బిందె

1969 మే ఆరో తేదీ పొద్దున చేవెళ్ళ సమితి ఇంజనీరు ప్రభాకర్ తిన్నవి రెండు జొన్నరొట్టెలు, కాస్త చింతచిగురు పప్పు. వర్క్ ఇన్‌స్పెక్టర్ మాణిక్యం వాళ్ళమ్మ సారమ్మ కట్టి పంపిన సద్ది అది. సురంగల్ వాగు మీద ముందురోజే పోసిన కల్వర్టు స్లాబు పక్కన కూర్చుని ఇద్దరూ తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక ప్రభాకర్ ఒక ఉత్తరం రాశాడు. రెండో కల్వర్టుకు సిమెంటు కావాలి. ప్రత్యేక రాష్ట్రం ఆందోళనతో బస్సులు బందు. పట్నంలో పెద్దాఫీసుకు ఎవరైనా వెళ్ళి ఇవ్వాలి.

మాణిక్యం ఉత్తరం జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు. రాత్రికి మామ స్వామిదాసు దగ్గర ఆగుతానన్నాడు. మామ పట్నంలో దవాఖాన చప్రాసీ.

"నేనొచ్చేదాంక స్లాబు ఎండొద్దు సార్. నీళ్ళు పొయ్యమని అవ్వకు చెప్పిన" అన్నాడు వెళ్తూ.

మూడో రోజు ఆ ఉత్తరం చేవెళ్ళ సమితి ఆఫీసుకు తిరిగొచ్చింది. అంచున గోధుమరంగు మరక. తెచ్చిన గుమాస్తా గొంతు తగ్గించి చెప్పాడు. ఆరో తేదీన పట్నంలో ఊరేగింపు, తర్వాత కాల్పులు. సైకిల్ మీద పోతున్న మనిషికి తూటా తగిలింది. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు. జేబులో దొరికింది ఇదొక్కటే. ఆ గందరగోళంలో శవం ఎటు పోయిందో రాసుకున్నవాళ్ళు లేరు.

"మీ మనిషి గద సార్. ఇంటోళ్ళకు మీరే చెప్పాలె" అన్నాడు గుమాస్తా.

ప్రభాకర్‌ది గుంటూరు వైపు. ఆ ఎండాకాలం అతని యాస వినగానే ముఖం తిప్పుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. చేవెళ్ళలో గది ఖాళీ చేయమన్నప్పుడు నాలుగిళ్ళు తిరిగి ఇంకో గది కిరాయికి మాట్లాడిపెట్టింది మాణిక్యమే.

సాయంత్రం ప్రభాకర్ మాణిక్యం ఊరు సురంగల్ వెళ్ళాడు. ఊరి మొదట్లో టీకొట్టు భిక్షపతి అతణ్ణి చూసి, చెబుతున్న మాట మధ్యలో ఆపేశాడు. అరుగు మీదివాళ్ళు తలలు దించుకున్నారు. తన మీద కోపమే అనుకుని ప్రభాకర్ సైకిల్ ఆపలేదు.

కల్వర్టు దగ్గర సారమ్మ ఒక్కతే ఉంది. కూలీలు పనులు మానేసి రెండు రోజులైంది. ఆమె బావి నుంచి బిందెలు మోసి, స్లాబు మీద పరిచిన గోనెసంచులు తడుపుతోంది.

దారంతా వల్లె వేసుకున్న మాట నోటిదాకా వచ్చి ఇంకోలా బయటపడింది.

"అమ్మా, మాణిక్యాన్ని పట్నం పంపింది నేనే."

సారమ్మ బిందె దించింది. "నువ్వు పంపకున్నా పోయెటోడే బిడ్డా. జులూసు చూడాల్నని రెండు దినాల సంది ఒక్కటే తొందర."

"కాదమ్మా, అక్కడ..."

"మా తమ్ముడు స్వామిదాసు ఉన్నడు గద. అంత ఆయనే చూసుకున్నడు. నువ్వు ఫికర్ చెయ్యకు." మళ్ళీ బిందె ఎత్తుకుంది. "దీనికి ఎన్ని దినాలు పొయ్యాలె?"

కొడుకు తమ్ముడింట్లో క్షేమంగా ఉన్నాడనుకుంటోందని అనిపించింది ప్రభాకర్‌కు.

"ఇరవై ఒక్క రోజులు" అన్నాడు.

ఆ మాట చెప్పడానికి అప్పటిదాకా గడువు పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం వచ్చి తనూ బిందెలు మోసేవాడు. ఇంజనీరు నీళ్ళు మోయడమేమిటని సారమ్మ మొదట కసిరింది. అంచుల వెంబడి ఎక్కువ పోయాలని అతడు చెబితే, మాణిక్యం కూడా అదే చెప్పాడంది. పని అయ్యాక కొంగులోంచి రొట్టె తీసి ఇచ్చేది. తినేదాకా కదిలేది కాదు. ముద్ద మింగుడు పడక అతడు వాగు వైపు తిరిగితే, ఆమె చూడనట్టు గోనెసంచులు సర్దేది.

ఆఖరి బిందె మాత్రం స్లాబుకు పోసేది కాదు. చంకనెత్తుకుని ఇంటికి తీసుకుపోయేది. పెరట్లో కొత్తగా మల్లె మొక్క పెట్టామని, ఈ ఎండకు మాడిపోతుందని చెప్పింది.

ఇరవై ఒకటో రోజు ఇద్దరూ గోనెసంచులు తీసేశారు. ప్రభాకర్ వంగి అంగుళం అంగుళం చూశాడు. వెంట్రుకంత పగులు కూడా లేదు. సారమ్మ స్లాబు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది.

"గట్టివడ్డది" అంది.

జేబులో మరక పడిన ఉత్తరం ఉంది. ప్రభాకర్ దాని మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, మీకొకటి చెప్పాలి."

సారమ్మ అతని చేతిని చూసింది. తర్వాత గుంటలు పడిన కళ్ళను, మాసిన గడ్డాన్ని చూసింది.

"ఇంకో నాలుగు దినాలు పోద్దమా బిడ్డా?" అంది.

ఆ స్లాబుకు ఇక ఒక్క చుక్క కూడా అక్కర్లేదని చదువుకున్నవాడికి తెలుసు.

"పోద్దామమ్మా" అన్నాడు. ఆమె అడిగిందే తనకు దొరికిన దయ అనుకున్నాడు.

ఆ రోజు ఆఖరి బిందె తనే మోసుకొచ్చాడు. సారమ్మ గడప దగ్గరే అందుకుని, పొద్దు గూకకముందే చేవెళ్ళ చేరమని పంపించింది. సైకిల్ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

పక్కింటి పద్మమ్మ గోడ మీంచి అడిగింది. "ఇయ్యాల గూడ సారుకు చెప్పలేదా అక్కా?"

"ఎట్ల చెప్పుదు? తనే పంపిన్నని పొల్లగాడు గిప్పటికే సగమైండు. సారుకు తెల్వనియ్యొద్దని ఊరోళ్ళందరికి చెప్పిన. నువ్వు గూడ నోరు జారకు."

సారమ్మ పెరట్లోకి వెళ్ళి మల్లె మొక్క మొదట్లో బిందె వంచింది. మట్టి నీళ్ళు పీల్చుకునేదాకా కూర్చుంది. తర్వాత లోపలికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.

స్వామిదాసు తీసుకొచ్చిన నాటి నుంచి, పందొమ్మిది రోజులుగా మాణిక్యం ఆ మొక్క కిందే ఉన్నాడు.