ఈదమ్మ మైకు డబ్బా

"పాలకూర, మెంతికూర, పుంటికూర..." పాట వీధి మలుపు తిరగ్గానే జయకృష్ణ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

శామీర్‌పేట దగ్గరి విల్లాల్లో అతనిది పై గదిలో చిన్న స్టూడియో. వారం రోజులుగా ఒకే సినిమా పాటతో కుస్తీ పడుతున్నాడు. గాయని వర్ష తప్పిన ప్రతిచోటా కంప్యూటర్‌తో శ్రుతి సరిచేశాడు. అంతా విన్న నిర్మాత సుధాకర్ ఒక్కటే మాటన్నాడు, పాట బాగుంది గానీ అందులో మనిషే లేదని. శుక్రవారంలోగా కొత్త గొంతు దొరక్కపోతే పాట వేరే స్టూడియోకు పోతుంది.

ఆ మనిషేమో రోజూ పొద్దున్నే కింద ఆకుకూరల బండి మీద వినిపిస్తోంది.

బండి పక్క ఊరు లాల్‌గడి మలక్‌పేట్ ఈదమ్మది. విల్లాల్లో అరిచి అమ్మడాన్ని అక్కడి ఇళ్లవాళ్ల సంఘం ఎప్పుడో నిషేధించింది. మైకులో రికార్డు పెట్టుకుంటే మాత్రం సరేనంది, మైకుకైతే సౌండు తగ్గించే బటన్ ఉంటుంది కదా అని. అందుకే వచ్చే ప్రతి బండికీ ఓ మైకు డబ్బా ఉంటుంది. ఈదమ్మ కూడా తన డబ్బాను ముందు పెట్టుకుని, దుమ్ముకు ముక్కూ మూతీ కొంగుతో చుట్టుకుని బండి తోస్తుంది.

జయకృష్ణకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకోటుంది. బండిలో పుంటికూర లేని రోజు పాటలోనూ పుంటికూర ఉండదు. అంటే ఎవరో తెల్లారకముందే రోజుకో రికార్డింగు చేసి ఇస్తున్నారు. మలక్‌పేట్‌లో అంతటి పనిమంతుడెవరు? ఏ మిషన్లు వాడుతున్నాడు? అడిగినప్పుడల్లా ఈదమ్మ పాట ఆపేసి, కొత్తిమీర ధర చెప్పేది. మొన్నయితే పాటే రాలేదు. ఛార్జింగ్ అయిపోయిందని చెప్పి, దగ్గుకుంటూ వెళ్లిపోయింది.

ఇవాళ గురువారం. జయకృష్ణ చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగాడు.

"ఈదమ్మా, ఆ పాడేదెవరో చెప్పు. సినిమాలో పాడిస్త."

"మా ఇంట్ల మనిషే సారు. గా మిషన్లను జూస్తే ఆమెకు భయం."

"మిషన్‌తోటి ఆమె గొంతు ముట్టుకోను. ఎట్ల పాడితే అట్లనే ఉంచుత."

ఆ మాటకు ఈదమ్మ ఆగింది. గేటు వైపు చూసింది. వాచ్‌మన్ బాలేష్ ఎవరి కారుకో అడ్డం తీస్తున్నాడు.

"సంఘపోళ్లకు తెలిస్తే రేపటి సంది నా బండిని లోపటికి రానియ్యరు. ఎవలకు చెప్పనని ఒట్టెయ్యి సారు."

పాడేదెవరో తెలిస్తే బండినెందుకు ఆపుతారో అతనికి అంతుపట్టలేదు. అయినా ఒట్టేశాడు. మెమరీ కార్డు ఇస్తుందేమోనని చెయ్యి చాపాడు.

ఈదమ్మ మూతి మీది కొంగు కిందికి లాగి, డబ్బా మూత తీసింది.

లోపల రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ ఉన్నాయి.