ఓన్లీ ఎక్కడ పెట్టాలి

“హీ వాజ్ ఇన్ ద రూమ్ ఓన్లీ,” అంది ఆమె మళ్ళీ.

“తప్పు చెల్లెమ్మా,” అన్నారు మాస్టారు, ఓపిగ్గా.

లాండ్రీలో భోజనాల గది అది. టిఫిన్ డబ్బాలు ఓ పక్కకి నెట్టి, ఎడమ చేత్తో చాక్‌పీసు పట్టుకుని, మాస్టారు గోడ మీద రాస్తున్నారు. అక్షరాలు వంకర టింకరగా పోతున్నాయి. కుడిచేతికి రుమాలు చుట్టి ఉంది. కారు తలుపు సందులో పడి నలిగిందట. అంత నొప్పిలో కూడా తన కోసం కూర్చున్నారంటే ఎంత మంచి మనిషో అనుకుంది ఆమె.

నిజానికి ఆయన సూపర్‌వైజరు. ఒకప్పుడు ట్యూషన్లలో ఇంగ్లీషు చెప్పేవారు కాబట్టి లాండ్రీలో అందరికీ మాస్టారే. ఆమెది దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. ఆమె భర్త అక్కడే బాయిలర్ చూసుకునేవాడు. పోయిన వారం ఆ బాయిలర్ పేలింది. ఇప్పుడాయన ఛాతీ, చేతులూ కాలిపోయి, గొంతులో గొట్టంతో ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్ళు తెరుస్తాడు, మూస్తాడు. మాట లేదు.

ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలేసే వాల్వుని ఎవరో చేత్తో బిగించేశారు. ఎవరన్నది తేల్చడానికి పెద్దాఫీసు నుంచి అధికారి వచ్చాడు. ఇంగ్లీషు తప్ప ఆయనకి ఇంకో ముక్క రాదు. తప్పు బాయిలర్ మనిషిదేనని ఆయన రాశాడా, కంపెనీ వైద్యం ఆపేస్తుంది. అది ఆగితే మనిషి దక్కడు.

“మీ ఆయన బాయిలర్ గాలికొదిలేసి సిగరెట్టుకి పోయాడని చెప్పుకుంటున్నారమ్మా,” అని ఆమె చెవిన వేసింది మాస్టారే.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడితే బాయిలర్ గది తలుపు అద్దంలోంచి ఆయన టోపీ కనపడుతుంది. అద్దంలో పట్టేది ఆ టోపీ మటుకే, అయినా ఆమెకది చాలు. ఆ రోజు హోటలు వాళ్ళ ఆర్డరు సాయంత్రానికల్లా పోవాలని మాస్టారు పొద్దుట్నుంచీ అందర్నీ పరిగెత్తించారు. మంచినీళ్ళు తాగడానికి కూడా టోపీ కదల్లేదు. ఆయన గదిలోనే ఉన్నాడు. ఈ ఒక్క ముక్క అధికారి చెవిలో పడితే చాలు.

“మీరే చెప్పెయ్యకూడదా మాస్టారూ, నా బదులు?”

“నేను చెబితే మా వాళ్ళని వెనకేసుకొస్తున్నాననుకుంటాడు. నీ నోట వస్తేనే విలువ.”

అదీ నిజమే. ఆమె తల వంచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

“చూడు చెల్లెమ్మా. మన తెలుగులో ‘నే’ మాట తోకకి వేలాడుతుంది. గదిలోనే. ఇక్కడే. ఇంగ్లీషుది తిరకాసు వ్యవహారం. ఆ తోక తెచ్చి తలకి తగిలించాలి. ఓన్లీ అనేది అడ్వర్బు. ఎవరి ముందు నిలబెడితే వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది.”

“అయితే మా ఆయన ముందే నిలబెట్టండి మాస్టారూ. ఇంకెవరితో నాకేం పని?” అంది ఆమె. వారం రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడే.

మాస్టారు నవ్వలేదు. గోడ వైపు తిరిగి నెమ్మదిగా రాశారు. ఓన్లీ హీ వాజ్ ఇన్ ద రూమ్.

“ఇదీ. అధికారి ఏం అడిగినా ఇదే చెప్పు. అటూ ఇటూ మార్చావో, అబద్ధం చెబుతున్నావనుకుంటాడు.”

ఆ వాక్యాన్ని ఆమె ఇస్త్రీపెట్టెతో పాటు ముందుకీ వెనక్కీ తోసింది. దుప్పటి మడతల్లో పెట్టింది. నిద్రలో కూడా వదల్లేదు.

మర్నాడు మేనేజరు గదిలో అధికారి ఏదో పొడుగ్గా అడిగాడు. అందులో ‘హజ్బెండ్’, ‘రూమ్’ అన్నవి ఆమెకి దొరికాయి. గుండె చిక్కబట్టుకుంది.

“ఓన్లీ హీ వాజ్ ఇన్ ద రూమ్, సర్.”

అధికారి పెన్ను ఆగింది. “నోబడీ ఎల్స్?”

“యెస్ సర్. ఓన్లీ హీ.”

“ఆర్ యూ ష్యూర్?”

“యెస్ సర్. ఓన్లీ హీ.”

ఆయన ఆమె వంక జాలిగా చూశాడు. చెప్పిందంతా రాసుకుని, కింద సంతకం పెట్టించుకుని, సారీ అన్నాడు. పెద్దవాళ్ళలోనూ మనసున్నవాళ్ళుంటారు అనుకుంటూ ఆమె దణ్ణం పెట్టింది. మధ్యాహ్నానికి ఆయన ఊరు దాటేశాడు.

మాస్టారు తన కారులోనే ఆమెని ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఆమె మాత్రం మంచం పక్కకి పరిగెత్తింది.

“ఏమండీ, చెప్పేశాను. ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ఓన్లీ హీ వాజ్ ఇన్ ద రూమ్.”

బాయిలర్ మీద రాసిందంతా చదివీ చదివీ ఆయనకి కాస్త ఇంగ్లీషు వచ్చు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. తల అటూ ఇటూ ఊపాడు. గొట్టం చుట్టూ పెదవులు ఆడాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారిపోయాయి.

“ఊరుకోండి. ఇంక మనకేం భయం లేదు,” అని ఆమె కొంగుతో తుడిచింది. “అంతా మాస్టారి చలవ. తోడబుట్టినవాడు కూడా ఇంత చెయ్యడు.”

ఆయన ఇంకా గట్టిగా తల ఊపాడు. నర్సు వచ్చి భుజాలు పట్టుకుని, మందు ఎక్కించి, ఆయన్ని కాస్త నెమ్మదింపజేసింది. ఆ పని అయ్యాక ఆమెకి మాస్టారు గుర్తొచ్చారు.

“సిస్టర్, పనిలో పని, మా మాస్టారి చెయ్యి కూడా ఓసారి చూద్దురూ. కారు తలుపు సందులో నలిగింది. చూపించుకోమంటే వినరు.”

“వద్దమ్మా, తగ్గిపోయిందిలే,” అంటూ మాస్టారు వెనక్కి జరగబోయారు. ఈలోగా నర్సు చెయ్యి పట్టుకోనే పట్టుకుంది, రుమాలు విప్పనే విప్పింది.

“నలగడమేంటి సార్, ఇది ఆవిరికి కాలిన చెయ్యి, అచ్చం ఈయనకి కాలినట్టే ఉంది,” అంది నర్సు, “అయితే మీరూ ఆ గదిలోనే ఉన్నారా?”